బిల్లు కట్టారు, పీఎఫ్ కట్టలేదు: గాజువాక ఆటోనగర్‌లో ఒక కాంట్రాక్ట్ లేబర్ కేసు

గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్. ట్యాంకులు, పైప్ సపోర్టులు, ప్లాట్‌ఫారాలు, నిచ్చెనలు తయారుచేసి పరవాడ వైపు ఫార్మా కంపెనీలకు, పోర్టు పనులకు పంపుతుంది. సొంత పేరోల్ మీద ఉన్నది నలభై మంది లోపే. షెడ్డులో రోజూ కనిపించేవాళ్లు మాత్రం అంతకు మూడు రెట్లు. సెక్యూరిటీకి ఒక ఏజెన్సీ, క్యాంటీన్‌కి, క్లీనింగ్‌కి ఇంకొకరు. అసలు పని చేసే వెల్డర్లు, ఫిట్టర్లు, గ్రైండర్లు, హెల్పర్లు అందరూ ఒక లేబర్ కాంట్రాక్టర్ మనుషులు. ఈ కేసంతా ఆ లేబర్ కాంట్రాక్టర్ దగ్గర మొదలై కంపెనీ దగ్గరికి వచ్చింది. నేను కంపెనీ తరఫున పీఎఫ్ ఎంక్వైరీలో హాజరైన కన్సల్టెంట్‌ని. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు, అంకెలు మార్చి రాస్తున్నాను. చట్టం, లెక్క కట్టే పద్ధతి, జరిగిన క్రమం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఎలా బయటపడింది

టెక్కలి వైపు నుంచి వచ్చి పెదగంట్యాడలో అద్దెకుంటున్న ఒక హెల్పర్ రాత్రి నిద్రలో గుండెపోటుతో చనిపోయాడు. వయసు నలభై కూడా లేదు. భార్య, ఇద్దరు చదువుకునే పిల్లలు. దినం పనులు అయ్యాక ఆమె తమ్ముణ్ణి తోడు తీసుకుని పీఎఫ్ డబ్బులు అడగడానికి కంపెనీ గేటు దగ్గరికి వచ్చింది. గేటు దగ్గర 'మీ ఆయన మా ఎంప్లాయీ కాదమ్మా, కాంట్రాక్టర్‌ని అడుగు' అన్నారు. కాంట్రాక్టర్ 'చూద్దాంలే అమ్మా' అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. తమ్ముడు కాస్త చదువుకున్నవాడు. బావ ఫోన్‌లో ఉన్న యూఏఎన్ (ప్రతి సభ్యుడికీ ఇచ్చే పీఎఫ్ ఖాతా సంఖ్య) నంబరుతో పాస్‌బుక్ తీయించాడు.

చివరి పన్నెండు నెలల్లో ఐదు నెలలు అతని పేరు మీద ఒక్క రూపాయి లేదు. మిగిలిన ఏడు నెలల్లో జీతం 7,000 అని చూపించి దాని మీద కట్టారు. ఆమె దగ్గర కాంట్రాక్టర్ ఇచ్చిన జీతం చీటీలు ఉన్నాయి. వాటిలో రోజుకు 500 చొప్పున 26 రోజులు, 13,000; ప్రతి నెలా పీఎఫ్ కింద 1,560 పట్టారు. పట్టింది పన్నెండు నెలలూ పూర్తిగా, కట్టింది మాత్రం పూర్తిగా కాదు.

ఆ చీటీలు, పాస్‌బుక్ కాపీ జతచేసి ఆమె మర్రిపాలెంలోని పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ యూనిట్‌కి వచ్చి గేటు రిజిస్టర్, కాంట్రాక్టర్ బిల్లులు, లెడ్జర్ కాపీలు తీసుకెళ్లారు. తర్వాత పీఎఫ్ చట్టం సెక్షన్ 7ఎ కింద, అంటే బకాయి ఎంతో తేల్చే విచారణకి, సమన్లు వచ్చాయి. సమన్లలో మొదటి పేరు కాంట్రాక్టర్‌ది కాదు, కంపెనీది.

యజమానికి అప్పుడు మొదలైంది టెన్షన్. ఆయన నాతో అన్న మొదటి మాట, ఈ ఊళ్లో ప్రతి చిన్న పరిశ్రమలోనూ వినిపించేదే: 'రేటులో పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ కలిపే ఇచ్చాం కదండీ. ఆయనకి సొంత పీఎఫ్ కోడ్ ఉంది. ఆయన కట్టకపోతే మాకేంటి సంబంధం?'

చట్టం ఏమంటుంది

ఆయన అడిగిన దానికి జవాబు 1952 నాటి పీఎఫ్ చట్టంలోనే ఉంది. సెక్షన్ 2(ఎఫ్)లో ఉద్యోగి అంటే సంస్థ పనిలో నేరుగా పెట్టుకున్నవారే కాదు, కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్నవారు కూడా. పీఎఫ్ స్కీములో పేరా 30 ఇంకా స్పష్టం. కార్మికుడి వాటా, యజమాని వాటా రెండూ ముందుగా కట్టాల్సింది యజమాని. కాంట్రాక్టర్ చేయాల్సింది తన మనుషుల జీతంలో వాటా పట్టి, దానికి సమానమైన మొత్తం, అడ్మిన్ ఛార్జీలు కలిపి ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌కి, అంటే పని చేయించుకునే అసలు కంపెనీకి, ఇవ్వడం. పేరా 30(3) చివరి మాట చెప్పేస్తుంది: కాంట్రాక్ట్ కార్మికుల చందా కట్టే బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే. పేరా 36బి ప్రకారం నెల ముగిసిన ఏడు రోజుల్లో ఎవరి దగ్గర ఎంత పట్టాడో కాంట్రాక్టర్ కంపెనీకి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఈ యూనిట్‌లో అలాంటి స్టేట్‌మెంట్ ఒక్కటీ లేదు. అడిగినవాళ్లూ లేరు.

స్కీము రాసినవాళ్లు ఊహించిన దారికీ, మన దగ్గర నడుస్తున్న దారికీ తేడా గమనించాలి. స్కీము ప్రకారం డబ్బు కాంట్రాక్టర్ నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి పీఎఫ్‌కి వెళ్లాలి. ఇక్కడ కంపెనీ నుంచి కాంట్రాక్టర్‌కి వెళ్తోంది. అక్కడి నుంచి పీఎఫ్‌కి వెళ్లిందా లేదా చూసే కన్ను లేదు.

సొంత కోడ్, అంటే పీఎఫ్ ఆఫీసు ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, దాని సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. కాంట్రాక్టర్‌కి విడిగా కోడ్ ఉంటే ఆయన స్వతంత్ర యజమాని, ముందు ఆయన దగ్గరే వసూలు చేయాలి అని చెప్పిన హైకోర్టు తీర్పులు ఉన్నాయి. కొందరు కన్సల్టెంట్లు ఆ తీర్పుల కాపీలు పట్టుకుని మొత్తం కేసు దాని మీదే నడుపుతారు. నేను ఈ కేసులో ఆ వాదన ఒక్కదాని మీదే ఆధారపడొద్దని చెప్పాను. కోడ్ ఉన్నంత మాత్రాన ఆ కోడ్‌లో ఈ షెడ్డు మనుషుల పేర్లు ఉన్నాయని కాదు. పేరు లేని కార్మికుడి విషయంలో కాంట్రాక్టర్ కోడ్ కంపెనీకి రక్షణ ఇస్తుందని నాకెప్పుడూ అనిపించలేదు, ఇవ్వకూడదు కూడా. పైగా సెక్షన్ 8ఎ కంపెనీకి దారి ఇచ్చే పెట్టింది: కాంట్రాక్ట్ కార్మికుల కోసం కంపెనీ కట్టిన మొత్తాన్ని కాంట్రాక్టర్‌కి ఇవ్వాల్సిన బిల్లుల్లోంచి పట్టుకోవచ్చు, లేదా అప్పుగా వసూలు చేసుకోవచ్చు. అంటే ముందు కట్టు, తర్వాత వసూలు చేసుకో అన్నది చట్టం పెట్టిన వరుస. కార్మికుడు ఆ ఇద్దరి తగువు తేలేదాకా ఎదురుచూడాల్సిన పని లేదు.

2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది కదా, ఇదంతా పాతదై పోయిందా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఈ కేసు కాలం 2021 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు, కాబట్టి పాత చట్టం కిందే నడిచింది. సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కూడా ఉద్యోగి నిర్వచనంలో కాంట్రాక్టర్ ద్వారా పనిచేసేవారు ఉన్నారు. కోడ్ వచ్చింది కాబట్టి కంపెనీ బాధ్యత తగ్గింది అనుకునేవాళ్లు ఆ నిర్వచనం ఒకసారి చదవాలి.

పేర్లు వెతకడం

ఎన్‌ఫోర్స్‌మెంట్ రిపోర్టులో బకాయి అంచనా 60 లక్షలకు పైగా వేశారు. రెండేళ్ల లేబర్ బిల్లుల మొత్తం తీసుకుని, దాన్నంతా జీతంగా భావించి, రేటు వేసి, అప్పటిదాకా కట్టింది తీసేశారు. బిల్లులో కాంట్రాక్టర్ కమీషన్, కన్స్యూమబుల్స్, ఓవర్‌టైమ్ అన్నీ కలిసి ఉన్నాయి. రిపోర్టు అలా రావడానికి కారణం కంపెనీ దగ్గర మస్టర్ రోల్ (హాజరు పట్టీ), వేజ్ రిజిస్టర్ (జీతాల పట్టీ) లేకపోవడమే. రికార్డు లేనప్పుడు ఆఫీసర్‌కి బిల్లు తప్ప వేరే ఆధారం దొరకదు.

ఇక్కడ సుప్రీంకోర్టు ఫుడ్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు మాకు ఉపయోగపడింది. 7ఎ అధికారికి సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి, కాంట్రాక్టర్లను పిలిపించి, రికార్డులు తెప్పించి, నిజం తేల్చాకే బకాయి నిర్ణయించాలి అన్నది దాని సారం. ఈ తీర్పును 'కార్మికులు ఎవరో తెలియదు కాబట్టి బకాయి వేయకూడదు' అని తప్పించుకోవడానికి వాడేవాళ్లను చూశాను. అలా వాడితే తీర్పు ఉద్దేశమే తలకిందులవుతుంది. పేర్లు తేల్చమని ఆ తీర్పు చెబుతోంది. తేల్చగలిగిన రికార్డు ఎక్కువగా ఉండేది కంపెనీ దగ్గరే. అందుకే యజమానితో ఒక షరతు పెట్టాను: మొత్తం తగ్గించమని మనం అడగాలంటే పేర్లు మనమే ఇవ్వాలి. ఆయన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. ఈ కేసులో అన్నిటికంటే విలువైన నిర్ణయం అదే.

రికార్డు లేదు అనుకున్న చోట చాలానే దొరికింది. గేటు దగ్గర సెక్యూరిటీ రాసే ఇన్, అవుట్ రిజిస్టరు. కొత్త మనిషి లోపలికి వచ్చేటప్పుడు గేట్ పాస్ కోసం తీసుకున్న ఆధార్ జిరాక్సులు, ఒక అట్టపెట్టె నిండా. ఫార్మా కస్టమర్ల ఆడిట్ కోసం పెట్టిన సేఫ్టీ ఇండక్షన్ రిజిస్టరు, ప్రతి పేరు పక్కనా సంతకమో వేలిముద్రో. హెల్మెట్లు, బూట్లు, గ్లవ్స్ ఇచ్చిన స్టోర్స్ పుస్తకం. క్యాంటీన్ టోకెన్ల లెక్క. ఒక్కో రిజిస్టరు విడిగా చూస్తే అసంపూర్ణమే. అన్నీ కలిపి పరిస్తే నెలవారీగా ఎవరెవరు ఎన్ని రోజులు పనిచేశారో తొంభై శాతం పైగా తేలింది. ఇంటిపేరు ఒక రిజిస్టరులో ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో ముద్దుపేరు. ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పేర్లు మన గార్డులు విన్నట్టు రాసినవి. ఆధార్ కాపీలు లేకపోతే ఈ పని సగంలో ఆగిపోయేది.

కాంట్రాక్టర్ మొదటి విచారణలకు రాలేదు. సమన్లు మళ్లీ వెళ్లాక చలాన్ల కట్టతో వచ్చాడు. రెండేళ్లలో ప్రతి నెలా చలాన్ ఉంది, చాలా నెలలు పదిహేనో తేదీలోపే కట్టినవి. పైపైన చూస్తే కేసే లేదు. ఒక నెల చలాన్ వెనకున్న ఈసీఆర్ జాబితా (ఎవరి పేరు మీద ఎంత కట్టారో చూపే నెలవారీ రిటర్ను) తీసి గేటు రిజిస్టరుతో పేరుకి పేరు సరిపోల్చాం. జాబితాలో 140 పేర్లు. ఆ నెల ఈ యూనిట్‌లో అతని తరఫున పనిచేసినవాళ్లు 74 మంది. రెండిట్లోనూ కలిసినవి 38. మిగిలిన వందమంది పేర్లు వేరే యూనిట్లలో పనిచేసేవాళ్లవి.

అంటే అదే చలాన్ ఈ కంపెనీకీ, ఇంకో రెండు కంపెనీలకీ చూపించి మూడు చోట్లా బిల్లు పాస్ చేయించుకున్నాడు. అకౌంట్స్‌లో ఉన్న అబ్బాయి చలాన్ మీద తేదీ, మొత్తం చూసి టిక్ పెట్టేవాడు. వెనక జాబితా అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు. విశాఖలో లేబర్ సప్లై చేసే చోట్ల నాకు ఎక్కువగా కనిపించేది ఈ పద్ధతే. చలాన్ అసలుదే, డబ్బు నిజంగానే కట్టారు, కానీ మీ మనుషులకి కాదు.

కలిసిన 38 పేర్లలోనూ చిక్కుంది. 26 రోజులు పనిచేసిన మనిషికి ఈసీఆర్‌లో 14 రోజుల జీతం వేసి, మిగిలిన 12 రోజులు చందా లేని రోజులుగా చూపించాడు. ఆ గడిని ఎన్‌సీపీ డేస్ అంటారు. నెలంతా పనికి వచ్చినవాడు పీఎఫ్ లెక్కలో సగం నెల ఊరికెళ్లినట్టు కనిపిస్తాడు. చనిపోయిన హెల్పర్ జీతం 7,000 అయింది ఇలాగే.

ఆ ఆరువేల తేడా ఇంటికి ఎంత

దీన్ని కొంచెం వివరంగా రాయాలి. కొద్దిగా తగ్గించి కడితే ఏమైంది, రిటైర్ అయ్యేటప్పుడు కొంచెం తగ్గుతుంది, అంతే కదా అని యజమానులే కాదు, కార్మికులూ అనుకుంటారు.

పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్ ఉంటుంది. యజమాని జీతం మీద అర శాతం కడతాడు, కార్మికుడు ఏమీ కట్టక్కర్లేదు. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే, కారణం ఏదైనా సరే, కుటుంబానికి డబ్బు వస్తుంది. ప్రమాదమే కానక్కర్లేదు. 2021లో సవరించిన లెక్క ప్రకారం, మరణానికి ముందు పన్నెండు నెలల సగటు జీతానికి 35 రెట్లు, దానికి పీఎఫ్ ఖాతా సగటు నిల్వలో సగం 1.75 లక్షలు మించకుండా కలుపుతారు. మొత్తం 7 లక్షలు దాటదు. పన్నెండు నెలలు ఎడతెగని సర్వీసు ఉంటే కనీసం 2.5 లక్షలు.

13,000 కి 35 రెట్లు అంటే 4,55,000, ఆపైన నిల్వలో సగం. 7,000 కి 35 రెట్లు 2,45,000. పైగా ఐదు నెలలు పేరే లేదు కాబట్టి ఎడతెగని సర్వీసు అన్న షరతుకే దెబ్బ. నెలకి 65 రూపాయల ఈడీఎల్ఐ సరిగ్గా కట్టకపోవడం వల్ల ఆ ఇంటికి రెండు లక్షల పైన పోయేది. పెన్షన్ ఇంకో వైపు. భార్యకి వితంతు పెన్షన్, 25 ఏళ్లు వచ్చేదాకా ఇద్దరు పిల్లలకి ఒక్కొక్కరికి అందులో నాలుగో వంతు. వీటికి పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, సర్వీసులో ఉండగా చనిపోతే చాలు. సర్వీసులో ఉన్నాడని చూపించే కాగితమే కాంట్రాక్టర్ చెరిపేశాడు.

యజమానికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. సెక్షన్లు చెప్పినప్పుడు వాదించిన మనిషి, ఈ లెక్క చూశాక వాదించలేదు.

ఆర్డరు, వసూళ్లు

7ఎ ఆర్డరులో బకాయి 39 లక్షలకు వచ్చింది. అంచనా కంటే తగ్గింది. అంతకంటే ముఖ్యం, ఆ మొత్తం పేర్లకి, నెలలకి విడదీసి ఉంది. గంపగుత్తగా వేసిన బకాయి ఖజానాలోకి వెళ్తుంది కానీ ఎవరి పాస్‌బుక్‌లోకీ వెళ్లదు. పేర్లతో వచ్చింది కాబట్టి కంపెనీ ఒక్కో నెలకి ఈసీఆర్ వేసి కట్టింది, డబ్బు కార్మికుల యూఏఎన్‌లలో పడింది.

'కనీసం వాళ్ల వాటా అయినా వాళ్ల దగ్గర పట్టుకోవచ్చా?' అని అడిగారు. కుదరదు. ఆ వాటా కాంట్రాక్టర్ అప్పటికే వాళ్ల జీతంలోంచి పట్టేశాడు. సమయానికి పట్టని వాటాని కూడా తర్వాత కార్మికుడి దగ్గర వసూలు చేయడానికి స్కీములో పేరా 32 అడ్డు. పట్టుకుని కట్టకపోవడం అయితే నేరం కిందికే వస్తుంది. ఆ కాలానికి వర్తించిన శిక్షాస్మృతిలో (ఐపీసీ) నమ్మకద్రోహం సెక్షన్‌కి ఈ విషయం కోసమే వివరణ చేర్చి ఉంది.

8ఎ కింద కాంట్రాక్టర్ రిటెన్షన్ మనీ (హామీగా బిల్లుల్లోంచి ఆపి ఉంచిన సొమ్ము), పెండింగ్ బిల్లుల్లోంచి 22 లక్షలు పట్టుకున్నాం. అందులో ఒక జాగ్రత్త తీసుకున్నాం: పెండింగ్ బిల్లుల్లో ఆ నెలల జీతాలు కూడా ఉన్నాయి. మొత్తం బిల్లు ఆపేస్తే ఆ జీతాలు ఆగిపోతాయి, అప్పుడు కాంట్రాక్ట్ లేబర్ చట్టం సెక్షన్ 21(4) కింద జీతాలు కూడా కంపెనీయే ఇవ్వాలి. కాబట్టి జీతాలు ముందు ఇప్పించి, మిగతా దాని మీదే చేయి వేశాం. మిగిలిన 17 లక్షలు కంపెనీ సొంతంగా కట్టి, కాంట్రాక్టర్ మీద అప్పు కింద సివిల్ దావా వేసింది. వస్తుందని నేను హామీ ఇవ్వలేదు. ఆయన పేరున ఉన్నది ఒక పాత బొలెరో, అద్దె ఇల్లు.

వడ్డీ సెక్షన్ 7క్యూ కింద ఏడాదికి 12 శాతం, అందులో చర్చ లేదు. డ్యామేజెస్, అంటే ఆలస్యానికి వేసే జరిమానా, సెక్షన్ 14బి కింద. ఆలస్యం ఆరు నెలలు దాటితే ఏడాదికి 25 శాతం అనే పాత స్లాబులు మా కాలానికి వర్తించాయి. 2024 జూన్ 14 నుంచి అది నెలకి 1 శాతం అయింది. 'మాకు దురుద్దేశం లేదు, మోసపోయాం' అన్న వాదన 14బి దగ్గర పెద్దగా నిలవదు. 2022లో సుప్రీంకోర్టు హార్టికల్చర్ ఎక్స్‌పెరిమెంట్ స్టేషన్ కేసులో డ్యామేజెస్‌కి దురుద్దేశం నిరూపించక్కర్లేదని తేల్చింది. కంపెనీ డ్యామేజెస్ మొత్తం మీద మాత్రమే హైదరాబాద్‌లోని ట్రిబ్యునల్‌కి అప్పీలు వెళ్లింది. అది ఇంకా నడుస్తోంది. అసలు బకాయి మీద అప్పీలు వద్దని నేనే గట్టిగా చెప్పాను. అలా వెళ్తే సెక్షన్ 7ఓ కింద 75 శాతం డిపాజిట్ చేయాలి, పైగా కార్మికుల ఖాతాల్లోకి డబ్బు వెళ్లడం ఏళ్ల తరబడి ఆగుతుంది.

చనిపోయిన హెల్పర్ భార్య క్లెయిము ఆర్డరు తర్వాత కూడా కొన్నాళ్లు పట్టింది. నామినేషన్ వేయలేదు, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, ఈసీఆర్‌లో ఒకలా. సచివాలయం ద్వారా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, జాయింట్ డిక్లరేషన్, కంపెనీ నుంచి సంతకాలు. ఈసారి గేటు దగ్గర ఆపలేదు, హెచ్ఆర్‌లో ఒక మనిషిని ఆమె ఫైలు కోసమే పెట్టారు. పీఎఫ్, పెన్షన్, సరిచేసిన జీతం మీద ఈడీఎల్ఐ, మూడూ వచ్చాయి.

ఈఎస్ఐ సంగతి

పీఎఫ్ ఆర్డరు వెనకే ఈఎస్ఐ నుంచి సీ-18 నోటీసు (చందా బకాయి కట్టమనే నోటీసు) వచ్చింది. ఆ కాలానికి వర్తించిన 1948 నాటి ఈఎస్ఐ చట్టం సెక్షన్ 40 కూడా అదే మాట చెప్పింది: ముందుగా రెండు వాటాలూ ప్రిన్సిపల్ ఎంప్లాయరే కట్టాలి, సెక్షన్ 41 కింద కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75. అవే రిజిస్టర్లతో ఆ లెక్కా తేల్చి కట్టేశాం, పెద్ద గొడవ లేదు.

కానీ నాకు మనసులో ఎక్కువ బాధగా మిగిలింది ఈఎస్ఐ విషయమే. పీఎఫ్ ఆలస్యంగానైనా వడ్డీతో మనిషికి చేరుతుంది. ఈఎస్ఐ జబ్బు చేసిన రోజే ఉండాలి. ఆ రెండేళ్లలో ఒక ఫిట్టర్ భార్య కాన్పు, ఒక గ్రైండర్‌కి కంటి ఆపరేషన్, ఇద్దరు హెల్పర్లకి డెంగీ. కార్డు ఉంటే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. కార్డు లేక ప్రైవేటులో అప్పు చేసి కట్టారు. తర్వాత కంపెనీ కార్పొరేషన్‌కి లక్షలు కట్టినా ఆ అప్పులు తీరవు. ఈఎస్ఐ బకాయి కట్టేశాం కదా, సరిపోయింది అనేవాళ్లకి నేను ఈ నాలుగు ఇళ్ల సంగతి చెబుతాను.

రేటులోనే ఉంది డిఫాల్ట్

కాంట్రాక్టర్‌ని ఒక్కణ్ణే దోషిని చేసి ముగిస్తే ఈ కేసులో అసలు విషయం వదిలేసినట్టే. వర్క్ ఆర్డరులో హెల్పర్‌కి నెలకి 15,400, అన్నీ కలిపి, అని రాసుంది. ముగ్గురి కొటేషన్లలో ఇదే తక్కువ, అందుకే ఈయనకి ఇచ్చారు. లెక్క వేద్దాం. జీతం 13,000. పీఎఫ్ యజమాని వాటా 12 శాతం, ఈడీఎల్ఐ అర శాతం, అడ్మిన్ ఛార్జీ అర శాతం, కలిపి 1,690. ఈఎస్ఐ 423. బోనస్ 8.33 శాతం చొప్పున 1,083. మొత్తం 16,196. కాంట్రాక్టర్‌కి ఒక్క రూపాయి మిగలకుండానే 16,196 కావాలి. ఆయన 15,400 కి ఒప్పుకున్నాడు, కంపెనీ 15,400 కి సంతకం పెట్టింది. పీఎఫ్ ఎక్కడి నుంచి వస్తుందో ఇద్దరూ అడగలేదు.

బిల్లు చెల్లింపు అరవై రోజులకి, ఒక్కోసారి తొంభైకి. పీఎఫ్ మాత్రం వచ్చే నెల పదిహేనుకల్లా కట్టాలి. నిన్నటిదాకా మేస్త్రీగా ఉండి కాంట్రాక్టర్ అయిన మనిషికి 74 మందికి రెండు నెలలు జీతాలు, చందాలు ముందు పెట్టుబడి పెట్టే స్తోమత ఎక్కడిది? అతను చేసింది మోసమే, దానికి సాకు చెప్పను. కానీ చట్టబద్ధమైన ఖర్చు కూడా గిట్టని రేటుకి పని ఇచ్చినవాడు నాకు తెలియదు అనడాన్ని నేను ఒప్పుకోను. రేటు ఎనాలిసిస్ ఐదు నిమిషాల పని. కొటేషన్ తెరిచిన రోజే చేయాలి.

ఇప్పుడు ఆ యూనిట్‌లో ఏం నడుస్తోంది

కొత్త వర్క్ ఆర్డర్లలో జీతం వేరు, చట్టపరమైన చందాలు వేరు, కాంట్రాక్టర్ సర్వీస్ ఛార్జీ వేరు. కొటేషన్లు సర్వీస్ ఛార్జీ మీదే పోల్చుతారు. జీతం, పీఎఫ్, ఈఎస్ఐల మీద ఎవరూ తగ్గించి వేయడానికి వీల్లేదు.

బిల్లు రెండు ముక్కలు. జీతాల ముక్క నెల మొదట్లోనే వెళ్తుంది, బ్యాంకులో పడిన జాబితా చూశాక, కంపెనీ ప్రతినిధి సంతకంతో. జీతాలిచ్చేటప్పుడు కంపెనీ ప్రతినిధి ఉండాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టమే చెప్పింది, ఈ యూనిట్‌లో ఇప్పుడు మొదలైంది. చందాలు, సర్వీస్ ఛార్జీ ఉన్న ముక్క ఈసీఆర్ సరిపోల్చాకే. చలాన్ పీడీఎఫ్ తీసుకోరు. ఈసీఆర్ పేర్ల ఫైలు తీసుకుని, యూఏఎన్ ప్రకారం గేటు బయోమెట్రిక్ రోజులతో కలుపుతారు. ఎన్‌సీపీ గడి, లోపలికి వచ్చిన రోజులు కలిపి నెల రోజులకి సరిపోవాలి. ఎక్సెల్ తెలిసిన ఎవరికైనా ఒక పూట పని. పీఎఫ్ పోర్టల్‌లో కంపెనీ తన కాంట్రాక్టర్లని, వర్క్ ఆర్డర్లని నమోదు చేసుకుని వాళ్ల చెల్లింపులు చూసే ఏర్పాటు కూడా ఉంది, దాన్నీ వాడుతున్నారు.

నోటీసు బోర్డు మీద, తెలుగులోనూ హిందీలోనూ ఒడియాలోనూ, ప్రతి నెలా ఇరవయ్యో తేదీకి పీఎఫ్ పడిందో లేదో ఫోన్‌లో చూసుకోండి, పడకపోతే హెచ్ఆర్‌కి చెప్పండి అని పెట్టాం. మొదటి నెలలోనే ముగ్గురు వచ్చారు. వాళ్లు పట్టుకున్న పొరపాట్లు కాంట్రాక్టర్ జాబితాలో మేము చూడనివి.

కాంట్రాక్టర్ చిన్నవాడైతే కార్మికులను కంపెనీ సొంత కోడ్ కిందే కట్టేయమని నా సలహా. పేరా 30 రాసింది కూడా అలాగే. యజమానులకి ఇక్కడ ఒక భయం: మా కోడ్‌లో పేరుంటే రేపు పర్మినెంట్ చేయమంటారు. పీఎఫ్ చట్టంలో ఉద్యోగి నిర్వచనం ఆ చట్టం అవసరం కోసం విశాలంగా రాసింది. అందులో పేరుండటం ఒక్కటే పర్మినెంట్ హక్కు కాదు. కాంట్రాక్ట్ నిజమైనదా, పేరుకి పెట్టుకున్నదా అన్నది వేరే పరీక్ష. ఆ సంగతి సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. కాంట్రాక్టు నిజమైనదైతే పీఎఫ్ కట్టినందుకు కంగారు పడక్కర్లేదు. నిజమైనది కాకపోతే పీఎఫ్ ఎగ్గొట్టడం వల్ల దాగేదేమీ లేదు. ఈ యూనిట్ ఇంకా ఆ అడుగు వేయలేదు. సెక్యూరిటీ, క్యాంటీన్ కాంట్రాక్టులు రెన్యువల్‌కి వచ్చినప్పుడు చూస్తామన్నారు.

మిగిలింది పేర్లు తేలని కొద్దిమంది. గేటు రిజిస్టరులో ఒక్క పేరే ఉంది, ఇంటిపేరు లేదు, ఆధార్ కాపీ లేదు, స్టోర్స్ పుస్తకంలో వేలిముద్ర మాత్రం ఉంది. ఎక్కువమంది గంజాం, రాయగడ వైపువాళ్లు, సీజన్‌కి వచ్చి వెళ్లిపోయారు. పాత మేస్త్రీల ద్వారా ఫోన్ నంబర్లు సేకరిస్తున్నాం. వాళ్ల మొత్తాన్ని కంపెనీ విడిగా లెక్క రాసి పెట్టింది. ఒక్కో పేరూ ఆధార్‌తో తేలిన నెలలోనే యూఏఎన్ తెరిచి, ఆ పాత నెలలకి ఈసీఆర్ వేస్తున్నారు.